సంచిలోంచి కనిపించిన నల్లటి గొట్టం

నిరుడు కోతులు మక్కచేనును ఆగం చేస్తుంటే, చప్పుడుతో వాటిని బెదరగొట్టే ప్లాస్టిక్ గొట్టం తుపాకీ జనగామలో కొని తరిగొప్పుల బస్సెక్కాను. సంచిలోంచి నల్లటి కొన బయటికి కనిపిస్తోంది. పక్కనున్న ముసలమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గిది తుపాకేనా నాయినా?"

"కోతులకవ్వా. ఉత్త చప్పుడే."

"అందరు గట్లనే అంటరు" అంటూ లేచి వెనక సీటుకు పోయింది. ముందున్నాయన ఫోన్ తీశాడు. కండక్టర్ వచ్చి "దిగిపో అన్నా, మాకు పరేషాన్ వద్దు" అన్నాడు.

సంచి విప్పి చూపించాను. పైపు ముక్కలు చూసి అందరూ నవ్వారు.

"నాకూ ఒకటి తెచ్చియ్యి" అంది ముసలమ్మ.

నేను నవ్వలేకపోయాను. నన్ను చూసి బస్సంతా బెదిరిన ఆ రెండు నిమిషాలూ నాకు బాగుండింది. చేనులోంచి కోతులు పోయాయి గాని, నా మీద నాకు కలిగిన అనుమానం ఇంకా పోలేదు.