డాక్టరు దగ్గర పెళ్లిచూపులు

బడిలో ఫోనుకు ముఖం చూపిస్తేనే హాజరు పడే పద్ధతి వచ్చాక నా బండారం బయటపడింది. అంతకు ముందు రిజిస్టరులో సంతకం మరిచిపోతే తోటి టీచర్లు ఎవరో ఒకరు గుర్తు చేసేవారు. ఫోనుకు అలాంటి మొహమాటాలు లేవు. అందరికన్నా ముందే వచ్చి, గదుల తాళాలు తీయించి, పిల్లల చేత ప్రార్థన చేయించి, మధ్యాహ్నం దాకా లెక్కలు చెప్పిన రోజున కూడా నేను బడికి రాలేదనే పడేది. ముఖం చూపించడం మరిచిపోయేదాన్ని మరి. అలారం పెట్టుకుంటే, అది మోగగానే ఆపేసి, ఎందుకు మోగిందో మరిచిపోయేదాన్ని. మా హెడ్మాస్టరు మంచివాడే. మెమో ఇచ్చిన ప్రతిసారీ ముందు టీ తెప్పించేవాడు. ఆఖరిసారి టీ తెప్పించలేదు. ఇంకొక్కసారి ఇలా అయితే పైకి రాయక తప్పదన్నాడు.

మా దిక్కు దీనికి ఒక మాట ఉంది, సోయి. ఒంటి మీద తెలివి, చేస్తున్న పని మీద ధ్యాస, అన్నీ కలిపి సోయి. ఊహ తెలిసినప్పటి నుంచి నేను సోయి లేనిదాన్ని. ఇంట్లోవాళ్లకు, చుట్టాలకు, ఆఖరుకు నా కడుపున పుట్టిన పిల్లలకు కూడా. ఆ మాట అన్నందుకు నాకు కోపం లేదు. జర సోయి తెచ్చుకో అని సలహా ఇస్తారు చూడండి, అప్పుడు ఒళ్లు మండుతుంది. అదేదో అంగట్లో దొరికితే నేను తెచ్చుకోనా?

అలాంటి రోజుల్లోనే టీచర్లకు ఒక శిక్షణ పెట్టారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలను తరగతిలో ఎలా గుర్తుపట్టాలో ఒకాయన చెబుతున్నాడు. చెప్పిన పని మధ్యలో మరిచిపోతారు, వస్తువులు పోగొట్టుకుంటారు, ఇష్టమైన పనిలో పడితే పిలిచినా పలకరు, కొన్ని బట్టలు ఒంటికి తగిలితే భరించలేరు అంటున్నాడు. నేను పెన్ను కోసం సంచి అంతా తోడి పోస్తున్నాను. పక్కనున్న టీచరు నా జడలోంచి పెన్ను తీసి చేతిలో పెట్టింది. ఆయన చెబుతున్న పిల్లను నేనేనని అప్పుడు తెలిసింది. చెప్పొద్దూ, భయం కన్నా ముందు సంతోషం కలిగింది. నా బద్ధకానికి, పొగరుకు, నిర్లక్ష్యానికి ఇంకో పేరు కూడా ఉందన్నమాట.

నల్గొండలో ఒక డాక్టరమ్మ దొరికింది. చిన్న వయసు, ఇక్కడి మనిషి కాదు, మాట పుస్తకంలో ఉన్నట్టు ఉంటుంది. ఓపికగా పరీక్షలన్నీ పెట్టింది. అన్నీ అయ్యాక, ఈ ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక వచ్చేది కాదు, చిన్నప్పటి నుంచే ఉండాలి, మిమ్మల్ని అప్పుడు దగ్గర నుంచి చూసినవాళ్లను తీసుకురండి అంది. అది తేలితే మందు మొదలుపెడుతుంది, బడికి ఉత్తరం రాసిస్తుంది. తేలకపోతే నేను మళ్లీ ఉత్త సోయి లేనిదాన్నే. నాయిన పోయి చాలా కాలమైంది. అన్న చిన్నప్పుడంతా హాస్టల్లోనే ఉన్నాడు. మా ఆయన నన్ను మొదట చూసిందే పెళ్లిచూపుల్లో. మిగిలింది అమ్మ.

అమ్మ దేవరకొండ అవతల మా ఊళ్లో అన్నావాళ్లతో ఉంటుంది. ఇప్పటికీ గొర్రెల వెంట పోతుంది. ఫోనులో నేను మనసుకు సంబంధించిన డాక్టరు అన్నానో లేదో, ఫోను అన్న చేతిలో పెట్టేసి పోయింది. రెండోసారి చేస్తే, నీకేం పుట్టింది, మంచిగ నౌకరి చేసుకునేదానివి పిచ్చి దవాఖాన మెట్లెక్కుతవా అని తిట్టింది. ఆ నౌకరే పోయేటట్టుందని చెబితే గానీ కదలలేదు. బస్సు దిగినప్పుడు చూస్తే, పెళ్లిళ్లకు తప్ప పెట్టె దాటని నారాయణపేట చీర కట్టుకుని ఉంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. కానీ డాక్టరు కాగితాలు ఇంట్లో మరిచి వచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చి, ఆటో వెనక్కి తిప్పించే హడావిడిలో పడ్డాను.

డాక్టరమ్మ ముందు అమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. చిన్నప్పుడు మీ అమ్మాయి ఎలా ఉండేవారని అడిగింది డాక్టరమ్మ. మా పిల్ల శాన ఒద్దిక, గడప దాటితె తల ఎత్తకపోయేది అంది అమ్మ. నేను ఆమె ముఖం వంక చూశాను. మా ఊళ్లో ఇళ్ల కప్పుల మీద కూడా నన్ను వెతికేవాళ్లు. వస్తువులు పోగొట్టుకునేదా అంటే, మా ఇంట్లో సూది గూడ పోలేదంది. పనులు మధ్యలో వదిలేసేదా అంటే, పది మందికి ఒంటి చేత్తో వండిపెడుతుందంది. నేను రోజూ పాలు పొంగించి పొయ్యి కడుక్కునే మనిషిని. బట్టలు తగిలితే చిరాకు పడేదా అంటే, గొంగడి కప్పుకుంటే తెల్లారేదాకా మెసలకపోయేదంది. గొర్రెల ఇంట పుట్టి కూడా గొంగడి ఒంటికి తగిలితే నేను ఏడ్చి చచ్చేదాన్ని. చలికి వణుకుతూ ఉత్త చాప మీద పడుకునేదాన్ని.

దృష్టి నిలబడేదా అమ్మా అని అడిగింది డాక్టరమ్మ.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "దిష్టా? ఊకె తాకుతుండె. ఎర్రగ బుర్రగ ఉండె గద. అమాస అమాసకు తీస్తుంటి."

నేను నోరు తెరవబోయాను. బల్ల కింద అమ్మ కాలు వచ్చి నా కాలును గట్టిగా తొక్కింది. అప్పుడు వెలిగింది నాకు. మా ఆయనవాళ్లు నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజున, వంట వచ్చా అని అడిగితే నేను రాదని చెప్పబోయినప్పుడు, సరిగ్గా ఇలాగే తొక్కింది. ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఎదురుగా కూర్చుని, ఆడపిల్ల గుణగణాలు ఒక్కొక్కటిగా అడగడం అమ్మ బతుకులో ఒక్కసారే జరిగింది. దానికి ఏం చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. అదే చీర కట్టుకుని, అవే జవాబులు పట్టుకుని బస్సెక్కింది.

డాక్టరమ్మ అమ్మను బయట కూర్చోమని, నాతో మెల్లగా చెప్పింది. ఈ జవాబులను బట్టి చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేనట్టే ఉంది, ఇప్పటిది పని ఒత్తిడి కావచ్చు, కొంతకాలం చూద్దాం అంది. మా అమ్మ అబద్ధం చెప్పింది అంటే నవ్వింది. తల్లులు పిల్లల గురించి మంచే చెబుతారండీ అంది. నా తల్లి నా గురించి నాతో ఒక్కనాడన్నా మంచి చెప్పి ఉంటే నేను ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంటాను?

బయటికొచ్చి వరండాలో బల్ల మీద అమ్మ పక్కన కూలబడ్డాను. ఎందుకట్ల చెప్పినవని అడిగితే, కన్నబిడ్డను పరాయోళ్ల ముంగట బద్నాం చేస్తరా అని నన్నే నిలదీసింది. ఇన్నేళ్లు ఊరందరి ముందు చేసింది ఎవరని అడిగాను. అది వేరంది. నా గొంతు పెరిగింది. చీటీలు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. తిరిగితే తిరగనీ అనుకున్నాను. పెళ్లిచూపుల్లో దాచినావు, సరే, ఇక్కడ దాచితే ఎవరికి లాభం, నన్ను ఈ డాక్టరుకేమన్న ఇచ్చి చేస్తున్నావా అని అరిచాను. అక్కడితో ఆగలేదు. తడిక సంగతి తీశాను.

నాకప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. గొర్రెపిల్లల దొడ్డికి తడిక అడ్డం పెట్టి రమ్మని అమ్మ పంపింది. పోయాను. దారిలో గోడ పగులులోంచి చీమలు బారుకట్టి గుడ్లు మోసుకుపోతుంటే చూస్తూ కూర్చున్నాను. చీకటి పడ్డాక ఇంటికొచ్చాను. తడిక గుర్తే లేదు. తెల్లారేసరికి కుక్కలు పడి గొర్రెపిల్లలను పీకేశాయి. తుమ్మ బరిగె తీసుకుని, అది విరిగేదాకా అమ్మ నన్ను కొట్టింది. కొట్టినంతసేపు ఒకే మాట అంది, కావాలనే చేసినవ్, కావాలనే చేసినవ్ అని.

"గాదినం మరిచినవా?" అన్నాను.

అమ్మ చీర అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"గది జబ్బే అయితె, నేను జబ్బు పిల్లను కొట్టిన్నా బిడ్డా?"

నాకు జాలి కన్నా ముందు మళ్లీ కోపమే వచ్చింది. ఇంతకాలం నా నెత్తిన ఉన్న తప్పును దించుకుందామని వస్తే, అది పోయి ఆమె నెత్తిన కూర్చుంటానంటోంది. ఇప్పుడు నేను నా సంగతి పక్కన పెట్టి ఆమెను ఓదార్చాలి. అదేం లేదమ్మా, నువ్వు మంచే చేశావు అనాలి. నా నోటికి ఆ మాట రాలేదు. పోదాం పా, బస్సు పోతది అని లేచాను.

అమ్మ కూడా లేచింది. బస్టాండు వైపు కాదు, డాక్టరమ్మ గది వైపు నడిచింది. చీటీల దగ్గరున్న మనిషి ఆపబోతే, ఒక్క మాట మిగిలింది అయ్యా అని తలుపు నెట్టుకుని పోయింది. నేను వెనక పరుగెత్తాను. లోపల ఎవరో కూర్చుని ఉన్నారు. అమ్మ వాళ్లను చూడనే లేదు. చెప్పులు విడిచి, బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"డాక్టరమ్మా, ఇందాక నేను జెప్పినయి కొట్టెయ్. అన్ని అబద్ధాలే. ఇది పని మీద పోయి పని మరిచొచ్చేది. గొంగడి గప్పితె ఏడ్సేది. మస్తు కొట్టిన. కొట్టిన మర్నాడే మల్ల మరిచేది."

డాక్టరమ్మ పెన్ను అందుకుంది. ఇంకా ఏమన్నా చెప్తారా అమ్మా అని అడిగింది.

"దెబ్బలంటె గజగజ వణుకుతుండె ఇది. అంత భయమున్న పిల్ల కావాలని ఎట్ల మరుస్తది? గీ ముచ్చట నాకు గప్పుడు తట్టలే. ఇది కావాలని చెయ్యలే డాక్టరమ్మా."

ఎనిమిదేళ్లప్పటి నుంచి అమ్మ నోటి వెంట నేను వినాలనుకున్న మాట అదొక్కటే. నేను అక్కడే, తలుపు దగ్గరే ఉన్నాను. ఆమె నాకు చెప్పలేదు, డాక్టరుకు చెప్పింది.