నాకెప్పుడూ ఇబ్బంది కాలేదన్నాను

ఆరేళ్ళుగా ఒక మాటని మోస్తున్నాను. చిన్న మాటే. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను సివిల్ ఇంజినీర్ని. మావాళ్ళది గోదావరి వైపు. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి విశాఖ వస్తే ఇక్కడే పెరిగాను. పద్నాలుగేళ్ళు సైట్లలో పనిచేశాక, పరవాడ దగ్గర ఒక ఫ్యాక్టరీ బిల్డింగు పని మా కంపెనీకి వస్తే నన్ను అక్కడ వేశారు. వందమందికి పైగా మగవాళ్ళు, ఇసుకా కంకరా మోసే ఆడకూలీలు పదిమంది, ఇంజినీర్లలో ఆడమనిషిని నేనొక్కదాన్ని. ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. కూలీలు తుప్పల్లోకి వెళ్ళేవారు. చేరిన రెండో నెలలో మేనేజరు నాకొక తాళంచెవి ఇచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ళ ఆఫీసు మేడమీది బాత్రూముది. "మీ ఒక్కరికే మేడమ్. పదిమందికీ తెలిస్తే వాళ్ళు వెనక్కి తీసేసుకుంటారు" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఏడాది మార్చిలో రత్నం జూనియర్ ఇంజినీరుగా చేరింది. అసలు పేరు రాయను. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ పేటలో ఇంజినీరింగ్ చదివిన మొదటి పిల్ల. బిల్డింగు ప్లాను కాగితం చేతిలోకి తీసుకుంటే ఆ మొహం వెలిగిపోయేది. వచ్చిన మూడు వారాలకే, తనకీ కూలీలకీ కలిపి ఒక బాత్రూమ్ కట్టించమని అర్జీ రాసి ఇచ్చింది. మేనేజరు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"మేడమ్, ఇన్నేళ్ళుగా సైట్లలో ఉన్నారు. మీకెప్పుడైనా ఇబ్బందయిందా?"

రత్నం నావైపు చూసింది. నేను అవునంటానని ఎంత నమ్మకమో ఆ చూపులో.

"లేదు సార్. నాకెప్పుడూ ఇబ్బంది కాలేదు. అలవాటైపోతుంది" అన్నాను.

"విన్నావా అమ్మా?" అన్నాడతను. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టేశాడు. రత్నం నెమ్మదిగా, "ఏటి మేడమ్... నిజంగానా?" అంది. నేను తలూపాను.

ఎందుకన్నాను? తాళంచెవి పోతుందని భయమా? ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇవన్నీ తలనొప్పులని వాళ్ళు అనుకుంటే నా ఉద్యోగానికే ఎసరొస్తుందనా? ఆ తాళంచెవి చేతికొచ్చే దాకా నేనూ నీళ్ళు తాగకుండా, కడుపు బిగబట్టుకుని, ఇంటికెళ్ళి ఏడ్చినదాన్నే. నేను పడ్డాను కాబట్టి ఈ పిల్లా పడాలనుకున్నానా? ఈ చివరిదే నిజమేమోనని భయం వేస్తుంది. మిగతావి దాన్ని కప్పడానికి నేను వెతుక్కున్న సాకులేమో.

రత్నం నీళ్ళు తాగడం మానేసింది. నాకు కనిపిస్తూనే ఉంది. నిండుగా తెచ్చుకున్న సీసా నిండుగానే ఇంటికి వెళ్ళేది. మే నెల ఎండ, రేకుల కింద నిప్పుల కొలిమి. ఒకరోజు స్లాబు వేస్తున్నారని జ్వరంతోనే వచ్చింది. మూడో అంతస్తు మెట్లకి ఇంకా రెయిలింగు లేదు. అక్కడ కళ్ళు తిరిగి కింది మెట్లమీదికి పడిపోయింది. చెయ్యి విరిగింది. ఆస్పత్రిలో నేనే పక్కన ఉన్నాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు. "ఎంతసేపు ఆపుకుంటావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. "పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా" అని చెప్పింది రత్నం, ఏదో తప్పు చేసినదానిలా.

ఆ తర్వాత పనికి రాలేదు. నెలయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి కూల్ డ్రింక్ తెచ్చి చేతిలో పెట్టింది. రత్నం చేతికి ఇంకా కట్టుంది.

"నా వల్ల అవనేదు మేడమ్. మీరు గట్టోరు, ఇన్నేళ్ళు సేసారు. నాకే ఓపిక నేదు" అంది. ఇంటర్ చదువుతున్న చెల్లెల్ని చూపించి, "ఇదీ సివిలే తీసుకుంటానంది. వద్దని సెప్పీసాను. మనలాంటోళ్ళ వల్ల అయ్యేది కాదు" అంది. ఆ పిల్ల తల దించుకుని నేల చూస్తోంది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. కూల్ డ్రింక్ తాగేసి వచ్చేశాను.

ఇప్పుడు నేను పెద్ద హోదాలో ఉన్నాను. ఆడపిల్లలు కన్‌స్ట్రక్షన్ వైపు ఎందుకు రావడం లేదని కాలేజీల్లో నన్ను పిలిచి అడుగుతారు. ఇళ్ళల్లో పంపడం లేదంటాను. చప్పట్లు కొడతారు. కొత్త సైటు మొదలైనప్పుడల్లా ఆడవాళ్ళకి బాత్రూమ్ కావాలని రాస్తాను. "మీరు అవేవీ లేకుండానే పైకొచ్చారు కదా మేడమ్" అని కంపెనీవాళ్ళు నవ్వుతారు. ఆ మాట వాళ్ళకి నేర్పింది నేనే.

రత్నం ఇప్పుడొక బట్టల షాపులో బిల్లులు కొడుతోందని విన్నాను. చెల్లెలు ఏం చదివిందో కనుక్కునే ధైర్యం నాకు లేదు. క్షమించమని అడగను. అడిగితే రత్నం క్షమించేస్తుంది, అదింకా భరించలేను.

రత్నానికి ఓపిక లేకపోవడం కాదు. నేను అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ళలో ఈ రెండు ముక్కలూ ఒకచోట పెట్టడం ఇదే మొదటిసారి. రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఊపిరాడినందుకూ సిగ్గుగానే ఉంది.