పందిరి వేసిన ఆదివారం

సింగపూరులో మా తెలుగువాళ్ళందరం వరసగా ఫ్లాట్లలో దిగుతుంటే, భువన మాత్రం సెంబవాంగ్‌లో ఒక పాత ఒంటంతస్తు ఇల్లు పట్టుకుంది. అరవైల్లో కట్టిన ఇల్లు. పొట్టి కప్పు, గోడంత కిటికీలు, వెలిసిపోయిన సున్నం. "అదేం ఇల్లే, గోడౌన్‌లా ఉంది" అన్నాను మొహం మీదే. నా నోరు అలాంటిది.

దాని భర్త చక్రధర్ బ్యాంకులో ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని ఆ ఏడాదంతా ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉండేవాడు. ఉద్యోగం దొరకని భువన పొద్దుట్నించి సాయంత్రం దాకా ఆ గోడలతోనే కాపురం చేసింది. హాల్లో ఒక గోడకి ఆవపిండి పసుపు, వీధి తలుపుకి నెమలికంఠం రంగు తనే వేసింది. పాత సామాన్ల కొట్లో సన్నకాళ్ళ సోఫా కొని, నారింజరంగు గుడ్డ కుట్టి తొడిగింది. ఆర్నెల్లు పట్టింది. ఇల్లు కళకళలాడితే మనుషులు వస్తారని దాని నమ్మకం, పిచ్చిమొహం.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి రమ్మని ఇరవైమందికి ఫోన్లు చేసింది. వాకిట్లో తెలుపూ నీలం చారల గుడ్డతో పందిరి వేయించింది. గుండ్రటి బల్లలు, కుర్చీలు అద్దెకి తెప్పించింది. గుమ్మానికి తెల్ల చామంతుల దండలు కట్టింది. పులిహోర, బొబ్బట్లు చేసింది.

ఎవరం వెళ్ళలేదు. మగవాళ్ళకి ఆఫీసు అడ్డం, ఆడవాళ్ళకి వాన అడ్డం. నేనుండేది వుడ్‌ల్యాండ్స్, రైల్లో రెండు స్టేషన్లు. అంతమంది వెళ్తారుగా, నేనొక్కదాన్ని వెళ్ళకపోతే ఏం కొంప మునిగిందిలే అనుకున్నాను. అందరం అదే అనుకున్నామని తర్వాత తెలిసింది. సిగ్గుపడాల్సిన సంగతి.

నాలుగింటికి ఎదురింటి చైనా ముసలావిడ వచ్చింది. ఆర్నెల్లలో ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం ముదురురంగు బట్టలు వేసుకుని, తల వంచుకుని వచ్చి భువన చెయ్యి పట్టుకుంది. ఎవరు పోయారని మెల్లగా ఇంగ్లిషులో అడిగింది.

భువనకి అప్పుడు అర్థమైంది. ఆ రంగు పందిరి, ఆ బల్లలు, ఆ తెల్ల చామంతులు అక్కడి చైనావాళ్ళు చావింట్లో పెట్టుకునేవి. ఎవరూ పోలేదంటే సరిపోయేది. ఆవిడ సారీ చెప్పి ఇంటికి వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడం తలుచుకుంటేనే భువనకి భయం వేసింది.

"మా అమ్మ, ఆంటీ" అంది.

ఆవిడ గంటన్నర కూర్చుంది. భువన వీపు నిమిరింది. పసుపు గోడ వంక చాలాసేపు చూసి, "వెరీ నైస్ లా, యువర్ హౌస్" అంది, మాట చివర 'లా' తగిలించే అక్కడి యాసలో. ఆ ఇంటిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

ఆవిడ వెళ్ళగానే భువన తణుకు ఫోన్ చేసింది. తల్లి రత్తమ్మగారు నిక్షేపంలా ఉంది.

"ఎంతమంది వచ్చారే? బాగుందన్నారా?"

భువనకి ఏడుపు ఆగలేదు. "ఎవరూ రాలేదమ్మా. ఒక ముసలావిడ వచ్చింది. నువ్వు పోయావని చెప్పి కూర్చోబెట్టుకున్నాను."



"పోన్లే" అంది రత్తమ్మగారు. "ఆవిడ ఏమైనా తిందా?"