తెల్లమెడ సిలిండరు

సోమవారం నా భార్య పోయింది. పొద్దున మామూలుగానే జొన్నరొట్టె తిని ఆస్పత్రికి డ్యూటీకి వెళ్లింది. మధ్యాహ్నంలోపే అక్కడి మందుల స్టోర్లో కూలిపోయిందని ఫోను. నేను కాలేజీ నుంచి వెళ్లేసరికి ఐసీయూలో ఉంది. ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపి స్టోర్‌కీపర్‌ని అడిగింది.

"ఈ ఆక్సిజన్ యాడ్నుంచి వచ్చిందప్పా?"

"గుంతకల్లుదే అక్కా. నువ్వు తెప్పించిందే."

మాస్కు తనే సర్దుకుంది. సాయంత్రం గుండె ఆగిపోయింది.

ఆ ప్రశ్న మీకు వింతగా అనిపించవచ్చు. ఆ ఆస్పత్రికి మందులు, సూదులు, ఆక్సిజన్ ఎవరి దగ్గర కొనాలో తేల్చేది ఆమే. ఖనిజం లారీలు హొసపేట రోడ్డును ఎప్పుడు మూసేస్తాయో తెలియని రోజులివి. అందుకే ఏ సరుకూ ఒక్క దిక్కు నుంచే తెప్పించేది కాదు. "రోడ్డు తెరిచేదాకా లోపలుండే మనిషి ఊపిరి బిగబట్టుకోని ఉంటాడా?" అనేది. ఎమ్మిగనూరులో బంధువుల పెళ్లికి వెళ్లినా, విస్తరి ముందు కూర్చుని నీళ్లు ఎక్కడివని వంటవాళ్లను అడిగేది. నాకు సిగ్గేసేది.

కిందటేడు ఒక టిప్పర్ల యజమాని మొత్తం ఆక్సిజన్ తానే ఇస్తానన్నాడు. గనుల దగ్గర ఇనుము కోసే, రోగులకు పనికిరాని ఆక్సిజన్ సిలిండరు నిలువెల్లా నల్లగా ఉంటుంది. ఆస్పత్రిదానికి మెడ తెలుపు. ఆయన పంపిన నమూనా మెడను ఆమె తాళంచెవితో గీకింది. కొత్త పెయింటు పొరలుగా ఊడింది. కింద నలుపు. వెనక్కి పంపేసింది.

తర్వాత ఆయన మనిషి సత్యనారాయణపేటలోని మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు.

"స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి మేడం. సార్ దినామూ స్కూటర్లోనే కదా కాలేజీకి పోయేది? రోడ్లో టిప్పర్లు జాస్తి అయిండాయి. జాగ్రత్తగా పొమ్మనండి."

"చెప్తాలేప్పా. మీ టిప్పర్లకు బ్రేకులుండాయో లేదో ముందు చూసుకోండి."

అతను నవ్వుతూనే వెళ్లాడు. ఆమె ఖాళీ కప్పు తీసింది. "రేపట్నుంచి మీరు బస్సులో పోండి" అంది. అలాగే చేశాను. ఇప్పటికీ వెనక హారన్ మోగితే గోడవైపు జరుగుతాను. ఆమెకూ భయమే. బయట బండి ఆగితే మాట మధ్యలో ఆపేసేది. అయినా ఆయన సరుకుకు సరేననలేదు.

ఇవాళ స్టోర్‌కీపర్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రేపు పొద్దున ఆ టిప్పర్ల ఆయప్ప ఆక్సిజన్ లోడు వస్తాండాది సార్. మా ఆస్పత్రి పెద్దసారు దించుకోమన్నాడు. అక్క ఉంటే అడ్డం నిలబడేది. నాకు చేతులు ఆడటంలే."

"ఐసీయూలో ఎంతమంది ఉన్నారు?"

"మంచాలన్నీ నిండిండాయి సార్."

అతను వెళ్లాక తలుపు గడియ వేశాను. ఆ ఆస్పత్రిలో నాకు ఏ అధికారమూ లేదు. ఆ టిప్పర్ల యజమానికి నా ఇల్లు తెలుసు, నా దారి తెలుసు. భయంగా ఉంది. మీరు ఇది చదివేటప్పటికి ఏమవుతుందో నాకు తెలియదు. రేపు పొద్దున, లోడు రాకముందే, సిలిండర్ల మెడలు గీకి చూపించడానికి ఐసీయూ డాక్టరును వెంటబెట్టుకుని, లోడు దిగే ఆస్పత్రి వెనక గేటుకు అడ్డం నిలబడతాను.