గాలి సోకిందన్నారు

ఈ పొద్దున బందరులో మా మేడ మీద బట్టలారేస్తున్నాను. కోత మిషన్ చేలో వదిలేసిన గడ్డి ఎవరో తగలబెట్టినట్టున్నారు, ఆ కమురు వాసన ముక్కుకి తగలగానే తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్లు దాటినా పొగంటే నాకు ముందు గుర్తొచ్చేది మా నాన్న చొక్కా.

గుడివాడలో మా సందు చివర ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. నాన్న అక్కడ బాయిలర్ పొయ్యిలోకి ఊక ఎగదోసేవారు. చలికాలం మంచు దిగితే పొగ పైకి పోలేక మా పెంకుల మీదే కూర్చునేది. ముగ్గేసి లోపలికొచ్చేలోపు దాని మీద నల్లటి నుసి రాలేది, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి చుక్కల చీరయ్యేది, నాగులచవితి చిమ్మిలిలో పళ్ల కింద కరకరలాడేది నువ్వో నుసో తెలిసేది కాదు, అయినా వేళ్లు నాకి మరీ తినేవాళ్లం. అరుగు మీద పేరుకున్న బూడిదలోనే వేలితో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం, సుద్దముక్క దండగని. సందు మొదట్లో నాన్న దగ్గు వినిపిస్తే అమ్మ టీ పెట్టేది. ఆ దగ్గేమిటని ఒక్కరం అడగలేదు. కూడు పెట్టే మిల్లు కదా, దాని పొగని సాంబ్రాణిలా పీల్చాం. అంత తెలివిగలవాళ్లం మరి.

మసి మొహంతోనే నాన్న నన్ను నవ్వించేవారు, ఓ కన్ను మూసి, మూతి ఓ పక్కకి లాగి. నేను ఐదో తరగతిలో ఉండగా ఓ పొద్దున టీ తాగుతుంటే ఆయన మూతి ఎడమపక్కకి పోయింది, కుడి మూల నుంచి టీ గడ్డం మీదికి కారింది. నేను పడీపడీ నవ్వాను. ఆయన తుడుచుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం నలుగురు మోసుకొచ్చారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట లేదు. పక్కింటి మస్తాన్ మావయ్య, "ఆస్పత్రికి తీసుకెళ్దాం అక్కా, రిక్షా తెస్తాను" అన్నాడు. సందులో పెద్దవాళ్లు మాత్రం గాలి సోకిందనీ, శ్మశానం పక్కనుంచి వచ్చుంటాడనీ, పావురం నెత్తురు వేడిగా ఉండగానే ఒంటికి మర్దనా చేస్తే లేచి కూర్చుంటాడనీ అన్నారు. అమ్మ వాళ్ల మాటే విన్నది. పావురం దొరికి, నెత్తురు రాసి, లేస్తారేమోనని చూసేసరికి పొద్దు గూకింది. మర్నాడు ఆస్పత్రిలో చాలా ఆలస్యం చేశారన్నారు. ఆరేళ్లు మంచంలో ఉండి, చివరికి పోయారాయన. నన్ను పిలవబోతే ఏదో మూలుగు వచ్చేది, అది విని ఆయనే ఏడ్చేవారు.

పోయిన వారం నా బీపీ చూసిన డాక్టరు గారు ఇంటి చుట్టూ పొగ ఉంటుందా అని అడిగారు. ఏళ్ల తరబడి పొగ పీలిస్తే ఊపిరితిత్తులతో ఆగదట, రక్తనాళాలు కూడా దెబ్బతిని పక్షవాతం ముప్పు పెరుగుతుందట. "మీ నాన్నగారికి దానివల్లే అని ఇప్పుడెవరూ చెప్పలేరండి. మూతి వంకర పోగానే తీసుకొచ్చి ఉంటే మాత్రం..." అని ఆగిపోయారు. గాలి సోకిందన్న మాట నిజమేనేమో, ఏ గాలో తెలుసుకోలేకపోయాం.

ఇప్పుడా మిల్లు లేదు, ఫంక్షన్ హాలు కట్టారు. ఆ సందులో పెంకుటిల్లు ఒక్కటీ లేదు, మస్తాన్ మావయ్యా లేడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆ పావురం కోసం ఆగి మీ నాన్నని చంపుకున్నానని ఇన్నేళ్లుగా అంటూనే ఉంది, నేను ఊరుకుంటూనే ఉన్నాను. ఇవాళ మేడ దిగొచ్చి ఉండబట్టలేక చెప్పేశాను.

"పొద్దున్నే మూతి వంకర పోవడం చూశానమ్మా. నవ్వాను. నీకు చెప్పలేదు."

అమ్మ వొలుస్తున్న చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"నేనూ చూశానే," అంది. "నిన్ను నవ్విస్తున్నారనుకున్నాను."