ఆయన చదివి చెప్పిన అంకెలు

నెత్తురు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. తల పక్కకు తిప్పుకుని చేపలు కోసే ఆడది మొత్తం ఉద్దానంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందుకే నాకు షుగరు ఉందని తేలి, ఇంట్లోనే పరీక్ష చేసుకునే మిషను ఒకటి కొనుక్కోమని టెక్కలి డాక్టరు చెప్పినప్పుడు, ఆ పని మా ఆయన తన మీద వేసుకున్నాడు.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా బావా అనే పిలుస్తాను. కొబ్బరి తోట, జీడి తోట చూసుకుంటాడు. నేను మా ఊరి అంగన్‌వాడీలో టీచర్ని. రోజూ పొద్దున ఆరింటికి, టీ కూడా తాగకముందు, అరుగు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపి కళ్లు మూసుకునేదాన్ని. సూది చీమ కుట్టినట్టు తగిలేది. కాసేపటికి మిషను కూసేది. ఆయన అంకె చదివి చెప్పేవాడు. నేను కళ్లు తెరిచేసరికి వేలి మీద దూది ఉండేది, మిషను సంచిలోకి వెళ్లిపోయేది. లేచి వెళ్లి ఆ అంకెను క్యాలెండర్లో ఆ రోజు గడిలో రాసుకునేదాన్ని.

మొదటి రోజు రెండు వందల తొంభై వచ్చింది. ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు. మా వైపు కిడ్నీ జబ్బు ఎరగని ఇల్లు లేదు. మా ఆయన అన్నగారు రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస తిరిగి, ఆఖరికి పోయాడు. ప్రతిసారీ వెంట వెళ్లింది మా ఆయనే. షుగరు ముదిరితే కిడ్నీలు పాడవుతాయని డాక్టరు అన్న మాట తలుచుకుని, నాదీ అదే దారి అనుకుని ఏడ్చాను.

మర్నాడు ఆయన, "నూట డెబ్బై" అన్నాడు. "సూసినావా, ఒక్క రోజుకే ఎంత దిగిపోనాదో! ఊరికే బెంగెట్టుకున్నావు."

ఆ పూట కడుపు నిండా తిన్నాను.

డాక్టరు నాకు మూడు నెలలు గడువిచ్చాడు. రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి. డెబ్బై ఎనిమిది కిలోలున్న బరువు ఐదారు కిలోలైనా తగ్గాలి. అప్పటికీ షుగరు దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెడదామన్నాడు. నేను మొండిదాన్ని. పట్టుకుంటే వదలను. చద్దన్నం మానేశాను. పొద్దున చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం గ్లాసుతో కొలిచి వండుకున్న అన్నం, దానికి రెట్టింపు కూర, రాత్రికి రెండు గోధుమ రొట్టెలు. అంగన్‌వాడీ సెంటరుకి వెళ్లేముందు తోటల్లోంచి సముద్రం ఒడ్డు దాకా నడిచి వచ్చేదాన్ని.

సెంటర్లో గర్భిణుల బరువు చూసే కాటా ఒకటి ఉంది. పిల్లలు రాకముందే తలుపు దగ్గరికి వేసి దాని మీద ఎక్కేదాన్ని. డెబ్బై ఐదు. డెబ్బై రెండు. అరవై తొమ్మిది. జాకెట్లన్నీ లోపలికి కుట్టించుకున్నాను. భావనపాడు నుంచి చేపల గంప తెచ్చే ఆవిడ వీధిలో నిలబడిపోయి, "ఏటి టీచరమ్మా, పెళ్లికూతుర్లా అయిపోనావు! ఏటి తింతన్నావో నాకూ సెప్పు" అంది. ఆ మాట మనసులో పెట్టుకుని రెండు రోజులు నాలో నేనే నవ్వుకున్నాను.

అదే గదిలో నెలనెలా పిల్లల బరువులు తీసి చార్టులో గీత గీస్తాను. ఒక పిల్ల గీత వరుసగా రెండు నెలలు కిందికి దిగితే వాళ్లమ్మను పిలిపించి, ఏదో జబ్బుంది, ఆస్పత్రికి తీసుకెళ్లమని పోరి పోరి పంపిస్తాను. నా బరువు నాలుగు నెలలుగా దిగుతుంటే మాత్రం మురిసిపోయాను. ఎందుకంటే ఇంట్లో గోడ మీది క్యాలెండర్లో నా చేతిరాతతోనే నూట నలభై, నూట ముప్పై ఐదు, నూట ఇరవై ఎనిమిది అని ఉంది.

దాహం ఎక్కువైంది. ఎండలు కదా అనుకున్నాను. పిక్కలు పట్టేసేవి. నడుస్తున్నాను కదా అనుకున్నాను. పేపరు మీద అక్షరాలు అలికినట్టు కనిపిస్తే కళ్లద్దాలు మార్చాలనుకున్నాను. మూడు నెలల గడువు దాటిపోయింది. "టెక్కలి ఎల్దామా బావా?" అని అడిగితే, "బాగుంది గదా, ఇప్పుడెందుకు? జీడిపిక్కల పని అవ్వనీ" అన్నాడు. నిజమే కదా, బాగున్నప్పుడు డాక్టరెందుకు అనుకున్నాను.

మే నెలలో ఒకరోజు ఆయన తోట నుంచి పనసపండు తెచ్చి పెరట్లో కోశాడు. ఇల్లంతా వాసన. పనసతొనలంటే నాకు ప్రాణం. ఆ ఏడు ఒక్కటి కూడా నోట పెట్టలేదు. పొద్దున ఆయన చెప్పిన అంకె నూట ముప్పై రెండు.

"నూట ముప్పై రెండే గదా. ఒక్కటి తింటే ఏటవుద్ది బావా?" అని అడిగాను.

ఆయన చేతిలో కత్తి ఆగింది. నూనె రాసిన వేళ్ల వంక కాసేపు చూసుకుని, "తిను. ఏటీ అవ్వదు" అన్నాడు. తనే గింజ తీసి అందించాడు. ఒకటి తిన్నాక రెండోది కూడా తిన్నాను.

జూన్ చివర్లో, సెంటర్లో టీకాలు వేసే రోజున, ఒక చంటిదాన్ని ఎత్తి వాళ్లమ్మకు అందించబోతుంటే కాళ్ల కింద నేల జారినట్టయింది. పిల్లను ఎవరో పట్టుకున్నారు. నేను గోడకి జారబడిపోయాను. టీకాలు వేసే నర్సమ్మ నా ముఖం చూసి, అడగకుండానే వేలు పట్టుకుని పొడిచింది. అలవాటుగా కళ్లు మూసుకున్నాను.

"అక్కా, నాలుగొందల పన్నెండు ఉంది!" అంది.

"నీ మిషను పాడైపోయినట్టుంది. పొద్దున నాకు నూట ఇరవై ఎనిమిది" అన్నాను. నర్సమ్మ వాదించలేదు. ఆయాను మా ఇంటికి పంపి మా మిషను తెప్పించింది. దానితో చూస్తే నాలుగు వందల ఆరు. దాని మీద ఒక బొత్తాం నొక్కి ఏదో చూసింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి.

"అక్కా, ఇది పాత లెక్కలన్నీ దాసుకుంటాది. ఇయ్యాల పొద్దున ఆరింటికి మూడొందల నలభై. నిన్న మూడొందల పన్నెండు. మొన్న మూడొందల యాభై ఐదు. నీకు నూట ఇరవై ఎనిమిదని ఎవులు సెప్పినారు?"

గదిలో ఉన్న ఆడవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. నాకు బాగా దాహం వేసింది.

ఇంటికి వెళ్లేసరికి ఆయన పెరట్లో గునపం మీద కొబ్బరికాయలు వొలుస్తున్నాడు.

"బావా, పొద్దున ఎంతొచ్చింది?"

"సెప్పినాను గదా. నూట ఇరవై ఎనిమిది."

నర్సమ్మ చూపించినట్టే బొత్తాం నొక్కి మిషను ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన చూడలేదు. చూడాల్సిన పని లేదు మరి, ఆయనకి తెలిసిన అంకే. చేతిలో కాయ మెల్లిగా కింద పెట్టాడు.

"నీకు బయమని..."

"నాకా బయం? నీకా?"

ఆయన పీచు కుప్ప మీద కూర్చున్నాడు. "అన్నియ్య పక్కన రెండేళ్లు కూకున్నాను. మళ్లీ ఆ మంచం పక్కన కూకోలేను. తొలిరోజు నిజం సెప్తే నువ్వు ముద్ద ముట్టలేదు. అందుకని ఒక్క రోజుకి తగ్గించి సెప్పినాను. మర్నాడు నిజం సెప్తే ముందురోజు అబద్దం బయట పడిపోద్ది. నువ్వేమో సన్నబడతన్నావు. ఇయ్యాలో రేపో నిజంగానే దిగిపోద్ది, అప్పుడింక అబద్దమే ఉండదనుకున్నాను."

"మరి పనసతొన ఎందుకు తినమన్నావు?"

ఆయన కింద పెట్టిన కాయ మళ్లీ అందుకున్నాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని, ఆ తేదీ వచ్చేదాకా బొత్తాం నొక్కుతూ పోయాను. ఆ రోజు మూడు వందల అరవై ఒకటి. అది తెలిసి నాకు తొన అందించాడు.

ఆ మధ్యాహ్నమే టెక్కలి వెళ్లాం. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని సెలైన్లు, ఇన్సులిన్ పెట్టారు. డాక్టరు నా మీద కేకలేశాడు. "చదువుకున్నవారు, ఊళ్లో పదిమందికి చెప్పేవారు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" మా ఆయన పక్కనే ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను రెండు క్షణాలు ఆగి చూశాను. ఆయన తిరగలేదు. "రావడం కుదరలేదు సార్" అన్నాను. ఆయన తప్పు నా నెత్తిన వేసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పన్నెండు కిలోలు తగ్గానని డాక్టరుకి చెప్పాను, అదైనా మెచ్చుకుంటాడేమోనని. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. తిన్న తిండి ఒంటికి పట్టక, శరీరం తన కండను తానే కరిగించుకుందన్నాడు. మూత్రంలో ప్రొటీను కొద్దిగా పోతోందని, అది కిడ్నీలు దెబ్బతింటున్నాయనడానికి తొలి గుర్తని, ఇప్పటినుంచైనా జాగ్రత్తపడితే ముదరకుండా ఆపవచ్చని చెప్పాడు. మంచం మీద పడుకుని ఆ పొద్దుటి నడకలన్నీ గుర్తు చేసుకున్నాను. ఆ పన్నెండు కిలోల్లో నేను కష్టపడి తగ్గించుకున్నవి ఎన్నో, జబ్బు తినేసినవి ఎన్నో ఇక ఎవరూ చెప్పలేరు. నా కష్టం కూడా నాది కాకుండా పోయింది.

సూది ఎలా పొడుచుకోవాలో, ఇన్సులిన్ ఎలా ఎక్కించుకోవాలో ఆస్పత్రి నర్సు దగ్గర నేర్చుకున్నాను. మొదటిసారి నా వేలి మీద నెత్తురు బొట్టు చూసి వాంతి చేసుకున్నాను. ఐదోసారికి కాలేదు. ఇంటికొచ్చాక మిషను నా బీరువాలో పెట్టుకుని తాళం వేసుకున్నాను. వేసుకుంటున్న ఇన్సులిన్ పనిచేసి నాలుగు కిలోలు పెరిగాను. చేపలావిడ, "మళ్లీ ఒళ్లు సేసినావేటి టీచరమ్మా!" అంది. మంచిదేలే అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నడక మానలేదు. తర్వాత నెలకి అరకిలో చొప్పున దిగుతోంది, మెల్లిగా.

మా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. కూరేం వండాలి, తోటకి మందు కొట్టించావా, అలాంటివే. వాన పడేలా ఉందని ఆయనంటే మాత్రం ఒకసారి బయటికొచ్చి నేనే ఆకాశం చూస్తున్నాను. అలా చూస్తున్నానని ఆయనకీ తెలుసు.

మొన్న మూడు నెలల పరీక్షకి ఇద్దరం టెక్కలి వెళ్లాం. డాక్టరు గది దాకా వచ్చి ఆయన కూడా లోపలికి రాబోతే, "నువ్వు బయట కూకో బావా" అన్నాను. కూర్చున్నాడు. మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్షలో పన్నెండున్నర శాతం నుంచి ఏడున్నరకి దిగిందని, కిడ్నీ పరీక్ష మొదట ఎలా ఉందో అలాగే ఉందని, ముదరలేదని డాక్టరు చెప్పాడు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏటన్నాడు?"

"లోపలికెల్లి నువ్వే అడుగు. సెప్తాడు" అన్నాను.

ఆయన ఆ తలుపు వైపు చూశాడు. ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బస్సుకి వేళయిందని చెప్పి, నా చేతిలో సంచి అందుకుని ముందు నడిచాడు.