కళ్ళు తెరవని ఉరుమన్న

ఆ రోజుల్లో నాకు ఆదివారమంటే భయం. మిగతా రోజులు నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో గుమాస్తా పనితో ఎలాగో గడిచిపోయేవి. ఆదివారం మాత్రం అద్దెగదిలో నేనూ ఫ్యానూ మిగిలేవాళ్ళం. మాది తుని వైపు. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. మెస్సు ఆయన "ఏమప్పా, ఇంగొంచెం బువ్వ పెట్టల్నా?" అని అడిగితే, ఆ పలకరింపు కోసం కడుపు నిండినా పెట్టించుకునేవాణ్ణి. (ఆ ఏడాది బాగా లావయ్యాను. ఇంట్లోవాళ్ళు ఉద్యోగం ఒంటికి పట్టిందని సంతోషపడ్డారు.) ఆ ఒంటరితనం భరించలేక బొమ్మల కథ ఒకటి రాయడం మొదలుపెట్టాను. నా హీరో ఉరుమన్న, గాల్లో ఎగిరే ట్రాక్టర్ డ్రైవరు. రాయడమైతే రాశాను గానీ బొమ్మ వేయడం నాకు రాదు. నేను ఆవును గీస్తే, చూసినవాళ్ళు మంచమా అని అడుగుతారు.

ఎవరో చెబితే ఆళ్లగడ్డ వెళ్ళాను. అక్కడ రాతి విగ్రహాలు చెక్కే ఒక ఇంట్లో చిన్నకొడుకు కాగితం మీద కూడా బాగా గీస్తాడట. నా ఈడువాడే, అందరూ చిన్నాచారి అంటారు. నేను చేతులు ఊపుతూ కథంతా చెప్పాను. ఒళ్ళంతా రాతిపొడితో, చెవి మీద పెన్సిలుతో కూర్చుని విన్నాడు.

"మీవాడు దేవుడా, మనిషా? ముందు అది తేల్చు" అన్నాడు.

"ఎందుకండీ?"

"దేవుడైతే ముఖానికి తొమ్మిదింతలు పొడుగుండల్ల. మనిషైతే ఎనిమిదింతలు. కొలత లేకుండా నేను గీత గీయనప్పా."

ఉరుమన్న ఎగురుతాడు, నిజమే. కానీ డీజిల్ కోసం బంకులో వరసలో నిలబడతాడు కూడా. ఇద్దరం పొద్దుగూకేదాకా వాదించుకుని ఎనిమిదిన్నర దగ్గర రాజీపడ్డాం. అప్పట్నుంచి ప్రతి ఆదివారం శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కడం నాకు అలవాటైంది. మొదటి బొమ్మలో ఉరుమన్న తల ఒక పక్కకీ నడుము ఇంకో పక్కకీ వంచి, లుంగీ మీద వడ్డాణం పెట్టుకుని, స్టీరింగును తామరపువ్వులా పట్టుకుని ఉన్నాడు. "ఈయన ట్రాక్టర్ తోలతాడా, వరాలిస్తాడా?" అన్నాను. "రెండూ చేస్తాడు పో" అన్నాడు చిన్నాచారి. ఇంతలో వాళ్ళమ్మ మరమరాల ఉగ్గాని ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టి, "ముందు తిను నాయనా, కొట్లాట యాడికీ పోదు" అంది. ఆ "నాయనా" అన్న పిలుపు నాకు మళ్ళీ ఆదివారం దాకా సరిపోయేది.

అన్నీ కుదిరాయి, ఒక్క కళ్ళు తప్ప. ఉరుమన్నకూ, విలన్లకూ, చివరికి విలన్ ఇంటి గేదెకు కూడా కళ్ళ చోటు ఖాళీగా వదిలేశాడు. మరిచిపోయాడేమోనని గుర్తుచేశాను. "కండ్లు ఆఖర్నప్పా. విగ్రహం పనంతా అయినాకే తెరుస్తాం. నీ కథ అయిపోనీ, ఆ పొద్దే తెరుస్తా" అన్నాడు. పుస్తకం వేస్తానని మాటిచ్చిన ఒక హైదరాబాదు ప్రచురణకర్తకు ఆ కళ్ళులేని సైన్యాన్ని ఫోన్లో పంపితే, "పోనీ అందరికీ నల్లకళ్ళద్దాలు పెట్టించండి" అని జవాబొచ్చింది.

అప్పుడు తట్టింది నాకు. కథ అయిపోతే కళ్ళు తెరుచుకుంటాయి. కళ్ళు తెరుచుకుంటే ఆళ్లగడ్డలో నాకు పనుండదు. అంతే, చావాల్సిన విలన్ ఆ వారం చావలేదు. పై వారం డోన్ నుంచి అతని తమ్ముడు దిగాడు. ఆ తర్వాత బావమరిది. (చుట్టరికాలు అంత బాగా కలుపుకునే రాక్షసులు ఇంకెక్కడా ఉండరు.) ప్రచురణకర్త ఫోన్లు చేసి చేసి మానేశాడు. చిన్నాచారి మాత్రం కిక్కురుమనకుండా, వచ్చిన చుట్టానికల్లా ముఖం కొలిచి ఒళ్ళు గీసేవాడు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి ఉలులు గోనెసంచిలో సర్దుతున్నాడు.

"కర్ణాటకలో గుడి పని వచ్చిందప్పా. గురువారం పోతాండా. ఎన్నేండ్లు పడ్తాదో తెల్దు. ఈ పొద్దు కథ ముగించు" అన్నాడు.

విలన్‌కు ఒక మేనమామ ఉన్నాడని మొదలుపెట్టాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

"చాల్లే" అన్నాడు మెల్లగా. "నీ కథ అయిపోయి శానా నాళ్ళాయె. నాకు తెల్దనుకున్యావా? తెలిసీ నేను మాత్రం కండ్లు తెరిచినానా?"

చేతులు కడుక్కొచ్చి, తూర్పు ముఖంగా కూర్చుని ఉరుమన్నకు కళ్ళు వేశాడు. చూసి నేను తెల్లబోయాను. ట్రాక్టర్‌ను చిటికెనవేలితో ఎత్తే వీరుడి ముఖంలో అంత దిగులు! "ఈ కళ్ళు ఎవరివి?" అని అడిగాను.

"పొద్దుగూకి బస్సెక్కినాక కిటికీలోంచి ఈ పక్కకి చూస్తావే, ఆ కండ్లు. ప్రతివారం చూస్తాండా గదా."

ఆ పుస్తకం అచ్చుకాలేదు. కళ్ళు తెరిచిన బొమ్మ పంపితే, హీరోను చూస్తే జాలేస్తోందన్నాడు ప్రచురణకర్త. ఇప్పుడు నాకు ఇల్లుంది, ఆదివారాలు సందడిగానే గడుస్తాయి. చిన్నాచారి ఏ ఊళ్ళో ఏ గుడి దగ్గరున్నాడో, అతని నంబరు మారాక తెలియలేదు. గోడ మీది ఉరుమన్నను చూసి మా ఆవిడ, "గాల్లో ఎగిరేవాడికి ఇంత దిగులెందుకండీ?" అంటుంది. నాకు నవ్వొస్తుంది, ఆ నవ్వుతోపాటే కళ్ళూ చెమరుస్తాయి. ఎంత ఎత్తున ఎగిరితేనేం, పాపం, వాడు చివరికి దిగాల్సింది నంద్యాలలో ఆ అద్దెగదిలోనేగా!